అనంతగిరి దారిలో రెండవ గేరు

శృంగవరపుకోటనుండి అనంతగిరికి పోవు ఘాటుదారిని ఎరుగనివారు మా ప్రాంతమున అరుదు. విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్లు. విహారమునకై పోవువారిలో పెక్కుమంది ఈ దారినే పోవుదురు. కారులో కూర్చుండి, అద్దము దించి, చల్లగాలి మొగమునకు తగులగానే మురిసిపోవువారికి ఆ దారి యొకవిధముగా నుండును. పాత మోటారుసైకిలు నెక్కి, గేర్లు వేయుట అప్పుడప్పుడే నేర్చుకొనుచు, బడిగంట మ్రోగులోపల పైకి చేరవలసినవారికి మరియొకవిధముగా నుండును. నేను రెండవ తెగదానను. ఆ దారిలోని మలుపులను చాలమంది అందమునుబట్టి జ్ఞాపకముంచుకొందురు. నేను వానిని ఏ మలుపున ఏ గేరు వేయవలెనో దానినిబట్టి జ్ఞాపకముంచుకొంటిని.

2023వ సంవత్సరమున బడులు తెరచునాటికి నాకు అనంతగిరి మండలములోని యొక చిన్నబడికి బదిలీ యయ్యెను. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనుండిన ఆ మండలము 2022 ఏప్రిలులో క్రొత్తజిల్లాలు ఏర్పడినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. మా యిల్లు కోటలో. అమ్మాయి పదవతరగతి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మావారు విశాఖలో ఉద్యోగము చేయుచు వారమున కొకసారి వచ్చుచుందురు. కొండమీద గది తీసికొని యుండుటకు వీలులేదు. బస్సును నమ్ముకొన్నచో బడికి ఆలస్యము. ఆటోలో పదిమంది నడుమ ఇరుకుకొని ఘాటెక్కుట మూడుమాసములు చేసి చూచితిని, నాకిక చేతకాలేదు. ఉద్యోగము మానుటయో, బండి కొనుటయో అను స్థితికి వచ్చితిమి. పుట్టింటివారు పెట్టిన గాజులజత బ్యాంకులో కుదువబెట్టి, 28,000 రూపాయలకు చేతులు మారిన మోటారుసైకిలు నొకదానిని కొంటిని.

స్కూటరు కొనరాదా యని మీరడుగవచ్చును. పెద్దదారి విడిచిన పిదప బడికి మూడు కిలోమీటర్లు గులకరాళ్ల బాట. వానపడినచో ఎర్రబురద. చిన్నచక్రముల బండి అచట నిలువదని ఆ యూరివారే చెప్పిరి. నేను కొన్న బండి 2009లో తయారైనది. దానిని చేసినవారి పేరు చెప్పను. తప్పు వారిది కాదు. పదునాలుగేండ్లు దానిని వాడినవారిది కొంత, తరువాత నాది కొంత.

నలుబదియొకటవ యేట గేర్లబండి నేర్చుట యనిన నవ్వుకొనువారు లేకపోలేదు. ప్రొద్దుగుంకువేళ మైదానమున నేర్చుకొంటిని. అమ్మాయి గట్టుమీద కూర్చుండి, బండి ఆగిపోయినప్పుడెల్ల లెక్కపెట్టుచుండెడిది. మొదటి సాయంకాలము ముప్పదినాలుగు సార్లట. గేరుమీట ఒకసారి క్రిందికి త్రొక్కిన మొదటిది. తక్కినవన్నియు కాలివ్రేలితో మీది కెత్తవలెను. మొదటిదానికిని రెండవదానికిని నడుమ ఏ గేరును పట్టని తావొకటి గలదు, దానిని న్యూట్రల్ అందురు. ఆ తావు నాకెప్పుడును దొరకెడిది కాదు. నాలుగుదారుల కూడలిలో బండి నిలిపి, ఆకుపచ్చదీపము వెలుగునట్లు మీటను పైకి క్రిందికి ఆడించుచుండగా వెనుక లారీలు కూతలు పెట్టెడివి. మొదటి గేరు వేయగానే లోపల ఇనుపబిందె రాతిమీద పడినట్లు చప్పుడగుచుండెను. ఇవన్నియు క్రొత్తదాననగుటచేత నా చేతకానితనమే యనుకొంటిని. సగము నిజమే. మిగిలిన సగము బండిదని తెలియుటకు మూడుమాసములును, ఒక సాయంకాలమును పట్టినవి.

గేరుబాక్సు లోపల నేమున్నదో స్త్రీలకు కూర్చుండబెట్టి చెప్పువారు తక్కువ గనుక, నేను తెలిసికొన్నంత యిక్కడనే చెప్పెదను. ఎక్కుడు వచ్చినప్పుడు చక్రమునకు బలము కావలెను. చదునుదారిలో వేగము కావలెను. ఇంజను తిరుగుటను ఆ రెండింటికిని తగినట్లు మార్చి యిచ్చునది గేరుబాక్సు. మన మోటారుసైకిళ్లలో పండ్లచక్రములన్నియు జంటలు జంటలుగా ఎల్లవేళల కలిసియే తిరుగుచుండును. మనము మీటను కదల్చినప్పుడు ఆ పండ్లు క్రొత్తగా కలియవు. పంగలకర్రవంటి ఇనుపముక్క యొకటి, దానిని ఫోర్కు అందురు, ఒక చక్రమును ప్రక్కకు జరుపును. ఆ చక్రము ప్రక్కనుండి పొడుచుకొని వచ్చిన మొద్దుపండ్లు పొరుగుచక్రపు గుంటలలో దూరును. అప్పుడు ఆ గేరు పట్టినదన్నమాట. తలుపునకు గడియ వేయుట యెట్టిదో ఇదియు నట్టిదే. గడియ అంచు పదునుగా నుండి నిండుగా దూరినచో తలుపు కదలదు. అంచు అరిగి సగమే దూరినచో గాలి గట్టిగా వీచినంతనే తెరచుకొనును. ఈ ఉపమానము నాది కాదు, మా యత్తగారిది. ఆ సంగతి తరువాత వచ్చును.

బొడ్డవర దాటిన పిదప కొండలు ఎదురుగా వచ్చి నిలుచును. అంతవరకు మామిడితోపులును, మడులును. కాశీపట్నమునుండి దారి మెలికలు తిరుగ నారంభించును. కొండచరియలలో అచటచట కొత్తవలస కిరండూల్ రైలుదారి కనబడును; బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై 1960 ప్రాంతపు దశాబ్దములో వేసినది. సొరంగములోనికి తల దూర్చి, తోక యింకను బయటనే యున్న గూడ్సుబండిని చూచుట నాకు నిత్యవినోదము. టైడా వద్ద వెదురుపొదలు, డముకు వద్ద లోయ కనబడు తావు, అచట వేరుసెనగలకై కాచుకొనియుండు కోతులు. అనంతగిరి చేరువకు వచ్చుసరికి దారి కిరుప్రక్కల సిల్వరుఓకు చెట్లు నిటారుగ నిలిచి, వాని బోదెలను మిరియపుతీగలు చుట్టుకొని, క్రింద నీడలో కాఫీమొక్కలుండును. కార్తికమునకు కాఫీపండ్లు ఎర్రబడును. కొండవాలున వలిసెచేలు పసుపుపచ్చగా విచ్చుకొనును.

ఆ పసుపుపచ్చని దినములలోనే రెండవ గేరు జారుట మొదలిడెను. ఎక్కుడులో రెండవ గేరు వేసి పిడి త్రిప్పగా, కొంతదూరము పోయి, ఉన్నట్టుండి టక్కుమని విడిపోయెడిది. ఇంజను ఒంటరిగా ఊళ పెట్టెడిది, బండి నిలిచిపోయెడిది. వెనుక బస్సున్నచో నా ప్రాణములు నాయందుండెడివి కావు. టైడాలో తేనీరు త్రాగుచు ఈ సంగతి నోరుజారి చెప్పితిని. విహారమునకు వచ్చిన పడుచువాండ్రు అయిదుగురు చుట్టు చేరిరి. ఒకడు చమురు మార్చుమనెను, ఒకడు గొలుసనెను, ఒకడు బండిని నదిలో పారవేయుమనెను. అయిదవవాడు మాత్రము తెలిసినవానివలె, "రెండో గేరు వేశాక కాలివేలితో మీటని అలాగే పైకి నొక్కిపట్టండి మేడమ్, జారదు" అనెను. మోటారుబండ్ల విషయమున సలహా లేని మగవానిని నేనింతవరకు చూడలేదు. అయినను అయిదవవాని మాట పనిచేసెను. పదునైదు దినములు అట్లే నొక్కిపట్టి ఘాటెక్కితిని. అదే నేను చేసిన పెద్దతప్పు.

ఇక ఆ సాయంకాలము. బడి విడిచి, పిల్లల పుస్తకములు సంచిలో కట్టుకొని బయలుదేరితిని. కార్తికమున కొండమీద ప్రొద్దు త్వరగా వాలును. దిగుడులో బ్రేకులనే నమ్ముకొనరాదు. తక్కువ గేరులో నుండినచో ఇంజనే బండిని పట్టి నిలుపును. ఆమాత్రము నాకు తెలియును. అందుచేత రెండవ గేరులో దిగుచుంటిని. డముకు దాటి యొక వాలుమలుపు తిరుగుచుండగా కాళ్లక్రింద టక్కుమనెను. ఇంజను చప్పుడు చల్లబడెను. చప్పుడు లేకపోవుట అంత భయంకరముగా నుండునని నే నెన్నడు ననుకొనలేదు. పట్టు విడిచిన బండి వాలుననుసరించి పరుగెత్తసాగెను. మీటను మరల మీదికెత్తితిని. లోపల కరకరలాడెనే గాని పట్టలేదు. వెనుకబ్రేకు త్రొక్కి త్రొక్కి కాలు వణకెను. కాలిన వాసన వచ్చెను. ఎదుట మలుపునుండి దీపములు వేసికొని జీపొకటి వచ్చుచున్నది. కొండవైపు కాలువ ప్రక్కన కంకరగుట్ట యొకటి కనబడగా, రెండుబ్రేకులను పట్టి దానిలోనికి పోనిచ్చితిని. బండి ప్రక్కకు ఒరిగెను. మోకాలు చీరుకొనెను, పుస్తకములు చెదరెను. అంతకుమించి ఏమియు కాలేదు.

కాలువగట్టున ఎంతసేపు కూర్చుంటినో చెప్పలేను. ఫోనునకు సంకేతము లేదు. కట్టెలమోపుతో పోవుచున్న యొక గిరిజనవనిత ఆగి, పుస్తకములన్నియు ఏరి యిచ్చి, నా మోకాలు చూచి, దారిప్రక్కనున్న యేదో ఆకు నలిపి పూసెను. ఆమె భాష నాకు సగమే అర్థమయ్యెను. తరువాత మొదటి గేరు వేసి, ఇంజను గోలపెట్టుచుండగా, మనిషి నడకకంటె కొంచెము వేగముగా కాశీపట్నమువరకు దిగితిని. ఇల్లు చేరుసరికి రాత్రి యెనిమిది దాటెను.

మరునాడు కోటలో పెద్దదుకాణమున చూపితిని. బండి నెక్కి చూడకయే, "గేరుబాక్సు మొత్తం పోయింది, 14,000 అవుతుంది" అనిరి. మావారు ఫోనులో "వచ్చినకాడికి అమ్మెయ్" అనిరి. ఆయన కోపము వెనుక భయమున్నదని నాకు తెలియును. అయినను ఆ రాత్రి నిద్రపట్టలేదు. బండి అమ్మిన పిమ్మట బడికెట్లు పోవుదునో ఎవరును చెప్పలేదు.

బస్సులు నిలుచు తావునకు వెనుక సందులో వృద్ధుడైన మరమ్మతుపని వాడొకడున్నాడు. పాలబండ్లు, చేపలవారి బండ్లు అతనివద్దకే పోవును. నేను పోవునప్పటికి అతడు పీటమీద కూర్చుండి బీడీ కాల్చుచుండెను. "ఏటమ్మా, బండి ఏటంటంది?" అనెను. వైద్యుడు అడిగినట్లడిగెను. అంతయు చెప్పితిని. గేరుబాక్సు విప్పవలెనా యంటిని. "ఇప్పేయడానికి తొందరేటి? ముందు బైటున్నవి సూద్దాం" అనెను.

గొలుసును నడుమ వ్రేలితో ఎత్తి చూచెను. రెండంగుళములు వ్రేలాడుచుండెను. అంగుళముకంటె ఎక్కువ వదులు పనికిరాదని బిగించెను. పిదప గేరుమీట. దానిని ఇరుసునకు పట్టియుంచు మరసీల వదులై, లోపలి గాళ్లు అరిగిపోయినవి. నేను కాలితో ఎత్తిన ఎత్తు అంతయు ఇరుసునకు చేరుటయే లేదు. ఆ తరువాత క్లచ్చితీగ. చేతిపిడి కొన వట్టిగా కదలుట సాధారణముగ 10 నుండి 20 మిల్లీమీటర్లుండవలెను. నాది రెండంగుళములు కదలుచుండెను. అనగా నేను పిడిని పూర్తిగా పట్టినను లోపల క్లచ్చి పూర్తిగా విడివడుట లేదు. న్యూట్రల్ దొరకకపోవుట, మొదటి గేరు వేసినప్పుడు ఆ బిందెచప్పుడు, ఇవి దానివలననే. నా చేతకానితన మనుకొన్నది సగము తీగ వదులుతనము! అతడు తీగ సరిచేసి యిచ్చి, వేసి చూడుమనెను. న్యూట్రల్ మొదటి పర్యాయమే వచ్చెను. నాకు కన్నీరు వచ్చెను, నవ్వును వచ్చెను.

చమురు దింపినప్పుడు మాత్రము అతడు మాటాడలేదు. నల్లని చమురును ఎండలో వంచి చూపెను. అందులో వెండిపొడివంటి మెరుపు. మన సాధారణపు మోటారుసైకిళ్లలో ఇంజనుకును, క్లచ్చికిని, గేర్లకును ఒకటే చమురు. కనుక కార్లకు పోయు కొన్ని చమురులు వీనికి పనికిరావు. వానివలన క్లచ్చిపళ్లెములు జారును. డబ్బామీద జాసో ఎంఏ యను గుర్తు చూచి కొనవలెను. అతనికి ఆ అక్షరములు చదువరావు, ఆకారము తెలియును.

అప్పుడు పుణ్యగిరి పోవు ఎక్కుదారికి బండి తీసికొనిపోయితిమి. కార్తికభక్తులు గుంపులుగా నడచుచుండిరి. రెండవ గేరులో వేగము పెంచినంతసేపు బాగుండెను; పిడి విడిచి మరల త్రిప్పగానే టక్కుమనెను. "ఇక ఇప్పాలమ్మా" అనెను. ఖర్చు ఆరువేలలోపున తేలునని చెప్పెను. సాయంకాలము ఇంట మరల అమ్మివేయుమను మాట వచ్చెను. అరిగిన మొద్దుపండ్ల సంగతి నేను చెప్పుచుండగా విని, మా యత్తగారు, "అంటే గడియ అరిగిందన్నమాట. గడియ అరిగితే గడియ మారుస్తారు గానీ, తలుపమ్ముకుంటారా ఎవరైనా?" అనిరి. ఫోనులో అవతలనుండి మావారు నవ్విరి. అంతటితో ఆ చర్చ ముగిసెను.

ఇంజనును రెండుచెక్కలుగా విడదీయుట రెండుదినముల పని. సెలవు పెట్టి అచటనే కూర్చుంటిని. మొదట అతడు ఇబ్బందిపడెను. ఆడవారు కూర్చుండదగిన చోటు కాదనెను. మధ్యాహ్నమునకు నన్ను మరచిపోయి, "ఆ పదోనెంబరు అందియ్యమ్మా" అని పనిముట్లడుగ నారంభించెను. అతని భార్య తేనీరు తెచ్చి, నా నల్లబడిన చేతులు చూచి, కిరసనాయిలు గుడ్డ యిచ్చెను. సాయంకాలమునకు చక్రము బయటికి వచ్చెను. క్రొత్తదానిని దానిప్రక్కనుంచి చూపెను. క్రొత్తదాని మొద్దుపండ్ల మూలలు కత్తిపీట అంచువలె నిలువుగా నున్నవి. నాదానివి వాడిన సబ్బుబిళ్లవలె గుండ్రబడినవి. ఫోర్కుకొన అరిగి, వేడికి నీలమెక్కినది. "దీన్ని కాలితో నొక్కిపట్టారా?" అని అడిగెను. అయిదవ పడుచువాని సలహా చెప్పితిని. మీటను నొక్కిపట్టినంతసేపు ఫోర్కు తిరుగుచున్న చక్రమునకు రాచుకొనుచునే యుండునట. అరగవలసినదానికి అరుగనిది కూడ తోడయ్యెను. గేరుజంట, ఫోర్కు, మీట, అతుకుకాగితములు, చమురు, కూలి కలిపి 5,600 రూపాయలయ్యెను.

పాతబండి కొనదలచు సోదరీమణులకు నేనిప్పుడు చెప్పగలిగినది కొంత కలదు. రంగు చూడకుడు. ఇంజను వేడెక్కువరకు నడపి, తరువాత ఎక్కుడుదారి యొకటి వెదకి, ప్రతి గేరులోను పిడి త్రిప్పుచు విడచుచు నాలుగుమార్లు పోయి రండు. గేరు తనంతట విడిపోయినచో తీగనో గొలుసునో బిగించిన పోవునని అమ్మువాడు చెప్పును. తొందరపడి నమ్మకుడు, ఇంజను విప్పు ఖర్చు ధరలోనుండి తీసివేయుడు. న్యూట్రల్ దొరకకున్నచో మాత్రము బెదరవలదు, మొదట తీగనే చూడుడు. గేరు మార్చునప్పుడు మెల్లగా, బెదరుచు కాలెత్తుట మర్యాద కాదు. పిడి పూర్తిగా పట్టి, ఒక్కసారి నిండుగా ఎత్తి, వెంటనే కాలు తీసివేయవలెను. ఇవన్నియు ఆ పీటమీద కూర్చున్న వృద్ధుడు చెప్పినవే.

మార్గశిరమున ఒక ఆదివారము, వలిసెపూలు ఇంకను మిగిలియుండగా, అత్తగారు తామును చూచెద మనిరి. ఆమె కోటలో నలుబదియేండ్లనుండి యున్నారు. ఘాటెక్కి పూలు చూచినది లేదు. అమ్మాయి తన శిరస్త్రాణమును నాయనమ్మకు పెట్టి కట్టుపట్టీ బిగించెను. ఒకవైపుగా కూర్చుండక, మోకాళ్ల నొప్పితోనే కాలు ఇవతలికి వేసి, నా నడుము పట్టుకొనిరి. టైడా వద్ద ఆపి తేనీరు త్రాగితిమి. డముకు మలుపులలో రెండవ గేరు వేసితిని. కంకరగుట్ట యున్నచోటు దాటునప్పుడు నేనేమియు చెప్పలేదు, నా వీపు బిగిసినది ఆమెకు తెలిసెనేమో, "ఇదేనా రెండోది?" అని అడిగిరి. అవునంటిని. "బాగానే పట్టుకుందే" అని, గాలికొండ చేరువరకు మరేమియు మాటాడలేదు. అచట దిగి, పసుపుపచ్చని చేలవంక చాలసేపు చూచి, ఈ వలిసెగింజలనుండి నూనె తీయుదురా యని తేనీరమ్ము పిల్లనడిగి, ధర కూడ కనుగొనిరి.

గాజులింకను బ్యాంకులోనే యున్నవి. న్యూట్రల్ దీపము ఒక్కొక్కప్పుడు వెలుగదు. దాని తీగ వేరట, 300 రూపాయలలో పోవునట. వచ్చు జీతమునకు చూడవలెను.